ఒకే వ్యాసం, ఒకే బరువు, వేరే గొట్టం: నానో కార్బన్‌లో పరమాణువుల అమరికను ఎలా తేలుస్తారు?

రెండు కార్బన్ నానోట్యూబులు తీసుకుందాం. రెండింటి వ్యాసమూ 0.757 నానోమీటర్లే. అమరిక మళ్లీ మొదటికొచ్చే పొడవు రెండింట్లోనూ 4 నానోమీటర్లకు కాస్త పైన. ఆ పొడవులో పట్టే పరమాణువులు రెండింట్లోనూ సరిగ్గా 364. తూకం వేస్తే తేడా రాదు. మూలకాల పరీక్షలో కార్బన్ తప్ప ఇంకేమీ తేలదు. అయినా మొదటి గొట్టం మీద 567 నానోమీటర్ల పసుపుపచ్చ కాంతి వేస్తే అది 975 దగ్గర పరారుణంలో వెలుగుతుంది. రెండోదానికి 691 నానోమీటర్ల ఎరుపు కావాలి, అది వెలిగేది 912 దగ్గర. మొదటిదాని పేరు (6,5), రెండోదాని పేరు (9,1). తేడా అల్లా గ్రాఫీన్ రేకు (ఒక్క పరమాణువు మందాన తేనెపట్టులా అల్లుకున్న కార్బన్) ఏ వాలున చుట్టుకుందన్నదే.

కంటికి ఆనని ఈ వాలును కాంతి కొలతల నుంచి రాబట్టడమే ఈ వ్యాసం విషయం. పరిశోధన వార్తల్లో ‘స్పెక్ట్రోస్కోపీ, కంప్యూటర్ లెక్కల సాయంతో నిర్మాణాన్ని నిర్ధారించారు’ అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. ఆ ‘నిర్ధారించారు’ వెనక ఒక్కోసారి పకడ్బందీ లెక్క ఉంటుంది. ఒక్కోసారి రెండు వంపులు పైపైన కలిశాయన్న తృప్తి తప్ప మరేమీ ఉండదు.

నిర్మాణం అన్న మాటకు మూడు అర్థాలు

అన్ని కార్బన్ నానో పదార్థాలకూ ‘నిర్మాణం’ అంటే ఒకటే కాదు. బంతిలాంటి ఫుల్లరీన్ ఒక అణువు. దానిలో ఏ పరమాణువు ఎక్కడుందో ఒక్కొక్కటిగా చెప్పొచ్చు. నానోట్యూబు నిర్మాణం రెండు అంకెల్లో ఇమిడిపోతుంది. రేకును చుట్టేటప్పుడు తేనెపట్టు గళ్లలో ఒక దిక్కున ‘ఎన్’ అడుగులు, రెండో దిక్కున ‘ఎమ్’ అడుగులు వేస్తే బయలుదేరిన చోటికి చేరతామనుకుంటే, ఆ ఎన్, ఎమ్‌లే ఆ అంకెలు. ఇక గ్రాఫీన్ ఆక్సైడ్, నిరాకార కార్బన్, కార్బన్ డాట్లు మూడో తరగతి. వీటిలో ఏ రెండు రేణువులూ ఒకేలా ఉండవు. అక్కడ ‘నిర్మాణం’ అంటే గణాంకమే: మూడు బంధాల కార్బన్లు ఎంత శాతం, నాలుగు బంధాలవి ఎంత, ఆక్సిజన్ తగులుకున్నవి ఎంత. మూడో తరగతి పదార్థం గురించి మొదటి తరగతి భాషలో మాట్లాడటం వల్లనే సగం గందరగోళం పుడుతుంది.

మైక్రోస్కోపులో నేరుగా చూడొచ్చు కదా అంటే, చూడొచ్చు, చూస్తున్నారు కూడా. కానీ ఎలక్ట్రాన్ పుంజం వోల్టేజీ 80 కిలోవోల్టులు బాగా దాటితే గ్రాఫీన్‌లోని కార్బన్లను చోటు నుంచి తన్నేస్తుంది. అందుకే 80 లేదా 60 దగ్గర పనిచేస్తారు. అలా చూసినా కనిపించేది కొన్ని పదుల గొట్టాలే. సీసాలో ఉన్న కోటానుకోట్ల గొట్టాల సంగతి చెప్పాలంటే వర్ణపటమే (పదార్థం ఏ కాంతికి ఎంత స్పందించిందో గీతలుగా చూపే పటం) దిక్కు.

గీతలు లెక్కపెట్టడం: అన్నిటికంటే సులువైన కేసు

నిర్మాణం తెలిస్తే వర్ణపటాన్ని లెక్కగట్టొచ్చు. వర్ణపటం నుంచి నిర్మాణానికి మాత్రం నేరుగా దారి లేదు, ఎందుకంటే వేర్వేరు నిర్మాణాలు ఒకే గీతను ఇవ్వగలవు. కాబట్టి పని ఎప్పుడూ ఒకే పద్ధతిలో నడుస్తుంది. ముందు అభ్యర్థుల జాబితా, తర్వాత ఒక్కో అభ్యర్థి వర్ణపటం ఎలా ఉండాలో లెక్క, చివరికి కొలతతో పోల్చి కొట్టివేత.

60 కార్బన్ల ఫుల్లరీన్ సీ60 దగ్గర ఇది ఎంత అందంగా పనిచేసిందో చూడండి. 60 పరమాణువుల అణువుకు 174 కంపనాలుంటాయి. బంతి ఆకారపు సౌష్ఠవం వల్ల వాటిలో వేర్వేరు పౌనఃపున్యాలు 46 మాత్రమే. పరారుణ కాంతిని పీల్చగలిగేవి అందులో నాలుగే. 1990లో చేతికొచ్చిన నమూనాలో సరిగ్గా నాలుగు బలమైన గీతలే కనిపించాయి: 528, 577, 1183, 1429 విలోమ సెంటీమీటర్ల దగ్గర. అదే ఏడాది కార్బన్-13 ఎన్‌ఎంఆర్‌లో (అయస్కాంత క్షేత్రంలో పరమాణు కేంద్రకాల స్పందనను కొలిచే పద్ధతి) 143 పీపీఎం దగ్గర ఒక్కటే గీత వచ్చింది. అంటే అరవై పరమాణువులూ ఒకే రకం. సీ70లో ఐదు గీతలు వచ్చాయి, వాటి వెనకున్న పరమాణువులు 10, 10, 10, 20, 20. కోడిగుడ్డులా సాగిన బంతికి ఉండాల్సిన లెక్క అదే.

ఆ ఒక్క గీత ఏం చెప్పలేదో కూడా గమనించాలి. సీ60లో బంధాలు రెండు రకాలు, సుమారు 0.140, 0.145 నానోమీటర్ల పొడవులతో. పరమాణువులన్నీ సమానమే గానీ బంధాలు సమానం కావు. గీతల లెక్క సౌష్ఠవాన్ని చెబుతుంది, పొడవులను కాదు.

సీ84కు వచ్చేసరికి లెక్క రసవత్తరమవుతుంది. పంచభుజాలు ఒకదాన్నొకటి తాకకూడదన్న నియమం పెట్టినా 84 కార్బన్లను 24 రకాలుగా అమర్చొచ్చు. నమూనా ఎన్‌ఎంఆర్‌లో వచ్చినవి 32 గీతలు. వాటిలో 31 ఒకే ఎత్తు, ఒకటి మాత్రం సగం. ఒకే అమరిక అనుకుంటే ఇది పొసగదు. రెండింటి మిశ్రమం అనుకుందాం. మొదటిదానిలో నాలుగేసి సమానమైన పరమాణువుల గుంపులు 21 (21×4 = 84). రెండోదానిలో ఎనిమిదేసి గుంపులు 10, నాలుగు పరమాణువుల గుంపు ఒకటి (10×8 + 4 = 84). మొదటిది రెండోదానికి రెట్టింపు ఉంటే దాని గీతల ఎత్తు 4×2 = 8. రెండోదాని గీతలు 8×1 = 8, చివరిది 4. మొత్తం 31 సమానమైన గీతలు, ఒక సగం గీత. లెక్క కుదిరింది.

అయితే ఆ సౌష్ఠవం ఉన్న అభ్యర్థులు 24లో ఒకటికి మించి ఉన్నారు. వాళ్లలో ఎవరన్నది గీతల సంఖ్య చెప్పదు. అక్కడ శక్తి లెక్కలు ఆదుకున్నాయి. రెండు ఐసోమర్లు (అవే పరమాణువుల వేర్వేరు అమరికలు) మిగతావాటికంటే స్థిరమైనవని అవి చూపాయి, ఆ రెండింటి సౌష్ఠవమూ కొలతతో సరిపోయింది.

ప్రయోగంలో ఇక్కడ తప్పు జరిగేది ఎత్తుల దగ్గర. కార్బన్‌లో ఎన్‌ఎంఆర్‌కు కనిపించే 13వ ఐసోటోపు 1.1 శాతమే. పైగా ఫుల్లరీన్లలో హైడ్రోజన్ లేదు కాబట్టి ప్రతి స్పందన తర్వాత కార్బన్లు తేరుకోవడానికి చాలాసేపు పడుతుంది. తొందరపడి తర్వాతి పల్సు వేస్తే కొన్ని గీతలు కుంగిపోతాయి, 2:1 లాంటి ఎత్తుల నిష్పత్తి చెదిరిపోతుంది. అందుకే క్రోమియం ఎసిటైల్‌ఎసిటోనేట్ కాస్త కలిపి తేరుకునే సమయాన్ని తగ్గిస్తారు.

నానోట్యూబు: ఒక పీక్, రెండు సమీకరణాలు, ఆరుగురు అనుమానితులు

గొట్టం వ్యాసం = 0.0794 × √(ఎన్² + ఎన్×ఎమ్ + ఎమ్²) నానోమీటర్లు. కార్బన్ బంధాన్ని 0.144గా తీసుకుంటే వచ్చే గుణకం ఇది. గ్రాఫీన్‌లోని 0.142 వాడితే 0.0783 వస్తుంది. రెండు వ్యాసాలను పోల్చేముందు ఎవరు ఏ పొడవు వాడారో చూసుకోకపోతే మొదటి అడుగులోనే ఒకటిన్నర శాతం తేడా.

(6,5)కు 36+30+25 = 91. (9,1)కు 81+9+1 = 91. వ్యాసాలు సమానమవడం యాదృచ్ఛికం కాదు, అంకగణితం. చుట్టిన వాలు మాత్రం మొదటిదానికి 27 డిగ్రీలు, రెండోదానికి 5.2.

రామన్ వర్ణపటంలో (చెదిరిన లేజర్ కాంతి నుంచి కంపనాలను చదివే పద్ధతి) నానోట్యూబుకు ప్రత్యేకమైన పీక్ ఒకటుంది. గొట్టం మొత్తం ఊపిరి తీసినట్టు ఉబ్బి కుదించుకునే కంపనం అది. ‘ఆర్‌బీఎం’ అంటారు. సన్న గొట్టం వేగంగా, లావు గొట్టం నెమ్మదిగా ఊగుతుంది. మన నమూనాలో ఈ పీక్ 310 విలోమ సెంటీమీటర్ల దగ్గర వచ్చిందనుకుందాం.

సబ్బులాంటి సర్ఫాక్టెంట్‌తో నీటిలో విడదీసిన గొట్టాలకు వాడే సమీకరణం: పౌనఃపున్యం = 223.5/వ్యాసం + 12.5. దీనితో వ్యాసం 0.751 వస్తుంది. దగ్గర్లో ఉన్నవి (6,5), (9,1) రెండూ 0.757, (7,4) 0.766. సిలికాన్ ఆక్సైడ్ మీద పరిచిన ఒంటరి గొట్టాలకు ప్రచారంలో ఉన్న సమీకరణం: 248/వ్యాసం. దీనితో అదే పీక్ 0.800 ఇస్తుంది. ఇప్పుడు అనుమానితులు (10,0) 0.794, (9,2) 0.806, కాస్త దూరంగా (8,3) 0.782. ఒకే కొలత, ఒక్క పేరు కూడా ఉమ్మడిగా లేని రెండు జాబితాలు! తప్పు ఏ సమీకరణంలోనూ లేదు. చుట్టూ ఉన్న పదార్థం గొట్టాన్ని ఎంత బిగించి పట్టుకుంటుందో దాన్నిబట్టి పౌనఃపున్యం జరుగుతుంది. ఒక పరిస్థితికి కట్టిన సమీకరణాన్ని ఇంకో పరిస్థితికి వాడితే వ్యాసం మారిపోతుంది.

మన నమూనా సర్ఫాక్టెంట్‌లో ఉందనుకుందాం. మిగిలినవి ముగ్గురు. ఎన్ నుంచి ఎమ్ తీసేస్తే వచ్చే సంఖ్యను 3 నిశ్శేషంగా భాగిస్తే గొట్టం లోహ స్వభావం చూపుతుంది, లేకపోతే అర్ధవాహకం. (7,4)లో తేడా 3, కాబట్టి అది వెలగదు. వెలుగు కనిపించిందంటే (6,5)కో (9,1)కో ఆ పేరు దక్కాలి. వీటి వ్యాసం ఒకటే కాబట్టి ఆర్‌బీఎం ఇంతకుమించి సాయపడలేదు.

ఇక్కడ అక్కరకొచ్చేది ఫోటోల్యూమినెసెన్స్ పటం. 2002లో రైస్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ వైస్‌మన్, రిచర్డ్ స్మాలీ బృందం దీన్ని చూపింది. వేసే కాంతి తరంగదైర్ఘ్యాన్ని మెట్లుమెట్లుగా మారుస్తూ, ప్రతి మెట్టు దగ్గర వెలువడే పరారుణాన్ని నమోదు చేస్తారు. ఒక్కో రకం గొట్టం పటం మీద ఒక్కో చుక్కగా తేలుతుంది. ఒక అక్షం మీద పీల్చినది, రెండో అక్షం మీద వెలువరించినది. ఇలా 30కి పైగా రకాలకు ఒక్కసారిగా పేర్లు పెట్టగలిగారు. 567 వేస్తే 975 వచ్చే చుక్క (6,5). 691కి 912 వచ్చేది (9,1).

చుక్కలు కనబడాలంటే నమూనా తయారీలో శ్రద్ధ కావాలి. గొట్టాలు కట్టలుగా అంటుకుని ఉంటే పక్కనున్న లోహపు గొట్టం శక్తిని లాగేసుకుంటుంది, వెలుగు ఆరిపోతుంది. కాబట్టి అల్ట్రాసౌండ్‌తో విడదీసి, అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో కట్టలను అడుక్కి దించేసి, పైన తేరిన ద్రవాన్నే వాడతారు. మామూలు నీరు ఈ పరారుణంలో కొంత భాగాన్ని తానే మింగేస్తుంది, అందుకే భారజలం. ఎక్కువసేపు అల్ట్రాసౌండ్ పెడితే గొట్టాలు ముక్కలై, చివర్లలోనూ లోపాల దగ్గరా వెలుగు తగ్గుతుంది.

ఇంకో పొరపాటు చాలామంది చేసేది: ప్రకాశవంతమైన చుక్క అంటే ఎక్కువ సంఖ్యలో ఉన్న గొట్టమని అనుకోవడం. వాలును బట్టి గొట్టం పీల్చే, వెలిగే సామర్థ్యం మారుతుంది. చుక్క ప్రకాశాన్ని ఆ సామర్థ్యంతో భాగించకుండా శాతాలు చెబితే కొన్ని రకాలు లేనిపోని మెజారిటీ సంపాదిస్తాయి.

సిద్ధాంతం బోర్లాపడిన చోటు

సాధారణ ఎలక్ట్రాన్ సిద్ధాంతం ప్రకారం పీల్చే శక్తి వెలిగే శక్తికి ఇంచుమించు రెట్టింపు ఉండాలి. లెక్క వేసి చూద్దాం. 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఎలక్ట్రాన్ వోల్టులు వస్తాయి. (6,5)కు 2.19 బై 1.27, అంటే 1.72. (9,1)కు 1.79 బై 1.36, అంటే 1.32. రెట్టింపు ఎక్కడా లేదు. రెండు గొట్టాల మధ్య ఇంత తేడా రావడానికి వాలు కారణం. రెట్టింపు నుంచి మొత్తంగా కిందికి జారడానికి మాత్రం ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావం కారణం.

కాంతి తగిలి పైకెగిసిన ఎలక్ట్రానూ, అది వదిలివెళ్లిన ఖాళీ ఒకదాన్నొకటి పట్టుకుని జంటగా తిరుగుతాయి. అదే ఎక్సిటాన్. మామూలు సిలికాన్‌లో ఈ పట్టు 0.015 ఎలక్ట్రాన్ వోల్టులు, లెక్కలోకి రానంత. సన్నటి గొట్టంలో రెండింటికీ తప్పించుకునే దారి లేదు. 2005లో రెండు ఫోటాన్ల ప్రయోగాలు ఈ పట్టు 0.4 ఎలక్ట్రాన్ వోల్టుల దరిదాపుల్లో ఉందని చూపాయి. అంతకుముందే, 2004లో, మౌలిక సూత్రాల నుంచి కట్టిన లెక్కలు దీన్ని సూచించాయి. ఎలక్ట్రాన్ల వికర్షణ శక్తి అంతరాన్ని పెంచుతుంది, ఎక్సిటాన్ పట్టు తగ్గిస్తుంది. రెండూ చాలావరకు కొట్టుకుపోతాయి కాబట్టి ఎక్సిటాన్‌ను మరచిన పాత సిద్ధాంతమూ ఉరామరిగా సరిపోతూ వచ్చింది. సరైన జవాబు తప్పు కారణంతో రావడమంటే ఇదే. పీక్ స్థానం ఒక్కటే కలిసిందని మురిసిపోయేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన ఉదాహరణ.

కంప్యూటర్ వైపు ఖర్చులు, మోసాలు

ఎక్కువగా వాడేది డీఎఫ్‌టీ. ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా కాక వాటి సాంద్రతగా చూసి శక్తిని లెక్కించే పద్ధతి. దీని శ్రమ పరమాణువుల సంఖ్య ఘనంతో పెరుగుతుంది. (10,10) గొట్టంలో పునరావృతమయ్యే ముక్కలో 40 పరమాణువులే. (6,5)లో 364. తొమ్మిది రెట్లు ఎక్కువ పరమాణువులు, ఏడువందల రెట్లకు పైగా శ్రమ. సన్నని గొట్టం సులువనుకుంటే పొరపాటు. వంకర వాలున చుట్టిన గొట్టాల్లో ముక్క పొడవు తరచూ బాగా పెరుగుతుంది.

పదార్థం తనంతట తాను పునరావృతమవుతుందని ప్రోగ్రాము అనుకుంటుంది కాబట్టి పక్క గొట్టానికి మధ్య కనీసం ఒక నానోమీటరుకు పైగా ఖాళీ వదలాలి. లేకపోతే కొలిచేది గొట్టాన్ని కాదు, కట్టను. పరమాణువులపై బలాలు పూర్తిగా చల్లారకముందే కంపనాలు లెక్కిస్తే కొన్ని పౌనఃపున్యాలు రుణాత్మకంగా వస్తాయి. నిర్మాణం అస్థిరమని కంగారు పడేముందు లెక్కను మరింత బిగించి చూడాలి. గ్రాఫైట్ పొరల్లాంటివి ఉంటే వాన్ డర్ వాల్స్ సవరణ తప్పనిసరి. అది లేకపోతే పీబీఈ అనే ప్రామాణిక సూత్రం 0.335 నానోమీటర్ల దూరంలో ఉండాల్సిన పొరలను దాదాపు పట్టుకోనే పట్టుకోదు. అదే పీబీఈ శక్తి అంతరాలనూ తక్కువ చేసి చూపుతుంది. బీ3ఎల్‌వైపీ అనే మరో డీఎఫ్‌టీ సూత్రంతో లెక్కించిన కంపనాలను 0.96 – 0.97తో గుణించి దించుతారు. ఆ గుణకం తెలిసిన అణువుల నుంచి వచ్చినదా, లేక ఇదే నమూనాకు సరిపోయేట్టు సర్దినదా అన్నది అడగాల్సిన ప్రశ్న. సర్దినదైతే పీక్ కలవడానికి సాక్ష్యపు విలువ ఉండదు.

క్రమం లేని కార్బన్: ఒకే నిష్పత్తికి రెండు అర్థాలు

గ్రాఫీన్ జాతి పదార్థాల రామన్‌లో 1580 దగ్గర ‘జి’, 1350 దగ్గర ‘డి’ పీక్‌లు వస్తాయి. క్రమం చెడినచోటే డి కనిపిస్తుంది. డి బై జి నిష్పత్తి నుంచి స్ఫటిక ముక్క పరిమాణం చెప్పే సూత్రం: 2.4×10⁻¹⁰ × (లేజర్ తరంగదైర్ఘ్యం)⁴ ÷ నిష్పత్తి, అంతా నానోమీటర్లలో. నిష్పత్తి 1 అనుకుంటే 514.5 లేజర్‌తో 17 నానోమీటర్లు వస్తుంది. 632.8 లేజర్‌తో 38. లేజర్ పేరు చెప్పకుండా నిష్పత్తి మాత్రమే ఇచ్చిన పట్టిక ఎందుకూ కొరగాదు. పీక్ ఎత్తా, వైశాల్యమా అన్నదీ చెప్పాలి. ఈ సూత్రం వైశాల్యానిది.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. ముక్కలు చిన్నవవుతున్న కొద్దీ నిష్పత్తి పెరుగుతుంది, కానీ సుమారు 2 నానోమీటర్ల కిందికి వచ్చాక తిరగబడి తగ్గడం మొదలవుతుంది. డి పీక్‌కు షడ్భుజుల వలయాలు కావాలి, అవే కరవైపోతాయి మరి. అంటే తక్కువ నిష్పత్తికి ‘చాలా మంచి గ్రాఫీన్’ అనీ, ‘చాలా చెడిన కార్బన్’ అనీ రెండర్థాలు. పీక్‌ల వెడల్పు చూస్తే వెంటనే తేలిపోతుంది. చెడినదానిలో అవి బాగా వెడల్పుగా, ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి.

ఎక్స్-రే ఫోటోఎలక్ట్రాన్ వర్ణపటం కార్బన్ లోపలి ఎలక్ట్రాన్‌ను బయటికి లాగి, దాని బంధశక్తి నుంచి పక్కనెవరున్నారో చెబుతుంది. గ్రాఫైట్ తరహా కార్బన్ 284.4 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ఒక ఆక్సిజన్ తగిలినది 286.5 దగ్గర. గ్రాఫైట్ పీక్ పై వైపు తోక సాగి ఉంటుంది, అది దాని సహజ స్వరూపం. దానికి సౌష్ఠవమైన గంట వంపు తొడిగితే ఆ తోక మిగిలిపోతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పూడ్చడానికి 286 దగ్గర లేని ‘కార్బన్–ఆక్సిజన్’ను పుట్టిస్తుంది. అదే నమూనాలో ఆక్సిజన్ సొంత పీక్‌ను విడిగా కొలిస్తే బండారం బయటపడుతుంది. కార్బన్ వంపు ప్రకారం 15 శాతం కార్బన్లకు ఆక్సిజన్ ఉండాలి గానీ మొత్తం ఆక్సిజన్ 3 శాతమే ఉంటే, ఒక్కో ఆక్సిజన్ ఐదేసి కార్బన్లను పట్టుకోవాలి. రసాయనశాస్త్రంలో అలాంటి ఆక్సిజన్ లేదు.

ఇలాంటి పదార్థాలకు ఇప్పుడు మెషిన్ లెర్నింగ్ దారి తెరుచుకుంది. డీఎఫ్‌టీ లెక్కల మీద శిక్షణ పొందిన నమూనాలు వేల పరమాణువుల నిరాకార కార్బన్‌ను కరిగించి చల్లార్చి చూపగలవు. ఆ పెట్టెలోని ప్రతి పరమాణువు వర్ణపటాన్నీ లెక్కించి కూడితే మొత్తం వంపు వస్తుంది. కొలతకు సరిపోయేలా పరమాణువులను జరుపుతూ పోయే పాత పద్ధతి తరచూ మూడు కార్బన్ల వలయాల్లాంటి అసహజమైనవాటిని కుప్పలుగా పుట్టించేది. కొత్త పద్ధతిలో శక్తి లెక్క వాటిని అడ్డుకుంటుంది, సమర్థకుల ప్రధాన వాదన ఇదే. సందేహించేవాళ్ల మాటలోనూ బలముంది: కంప్యూటర్‌లో చల్లార్చే వేగం నిజమైన తయారీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, పైగా ఆరంభ సాంద్రతను మనమే ఎంచుకుంటాం, నాలుగు బంధాల కార్బన్ శాతం ఆ సాంద్రత మీదే ఆధారపడుతుంది. కాబట్టి సాంద్రతను విడిగా కొలిచి ఇచ్చారా అన్నది చూసి ఆ ఫలితాన్ని తూచాలి.

కార్బన్ డాట్ల తగవు

సిట్రిక్ ఆమ్లం, ఇథిలిన్‌డయమీన్ నీటిలో కలిపి మూసిన పాత్రలో 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాస్తే, నీలంగా వెలిగే ద్రవం వస్తుంది. వెలిగేది కొన్ని నానోమీటర్ల కార్బన్ రేణువని ఒక వర్గం అంటుంది. మైక్రోస్కోపులో జాలకపు గీతలు కనిపించే రేణువులు ఉన్నాయి, కాంతికి అంత తేలిగ్గా వెలిసిపోవు. రెండో వర్గం చూపేది ఐపీసీఏ అనే చిన్న అణువును. భారం 180. అవే దినుసుల నుంచి పుడుతుంది, అదే నీలంలో వెలుగుతుంది. రేణువు ఉండొచ్చు, దీపం మాత్రం దానిది కాదంటారు వీళ్లు. ఉపరితలంలోని రసాయన గుంపులే వెలుగుతాయనేది మూడో వాదం.

వెలుగు రంగు ఒక్కటే చూసి ఈ తగవు తేలదు, మూడింటికీ అదే నీలం. డయాలసిస్ సంచిలో పెట్టి చిన్న అణువులను వదిలించామన్న మాటా చాలదు. రేణువుకు అంటుకున్న అణువు నెమ్మదిగా ఊడుతుంది, నీళ్లు మార్చడం తొందరపడి ఆపేస్తే అదెన్నటికీ పోదు. రోజుల తరబడి కడుగుతూ లోపలి ద్రవాన్నీ బయటి నీటినీ రెండింటినీ కొలవాలి.

కదలికను కొలిస్తే ఆధారం గట్టిగా దొరుకుతుంది. 5 నానోమీటర్ల రేణువు నీటిలో వ్యాపించే రేటు సెకనుకు సుమారు 1×10⁻¹⁰ చదరపు మీటర్లు. 180 భారమున్న అణువు దానికి ఐదారు రెట్లు వేగంగా పోతుంది. తిరగడంలో తేడా ఇంకా ఎక్కువ: రేణువుకు 14 నానోసెకన్ల వరకు పట్టే పనిని అణువు నానోసెకనులో పదోవంతు దగ్గర ముగిస్తుంది. వెలిగే వస్తువే వేగంగా వ్యాపించి వేగంగా తిరిగితే అది విడి అణువు. రెండూ నెమ్మదిగా ఉంటే వెలుగు రేణువుది, లేదా దానికి గట్టిగా అతుక్కున్నదానిది. వ్యాపించడం నెమ్మదిగా, తిరగడం వేగంగా ఉంటే రేణువుకు ఒక కొసన వేలాడుతూ గిరగిర తిరిగే అణువును వెతకాలి.